పట్టా చేతికొచ్చాక, సంచీ భుజానికెత్తి

1972లో టోనీ వీలర్ లండన్ బిజినెస్ స్కూల్లో చదువు ముగించారు. ఉద్యోగంలో కుదురుకునే ముందు లోకం చూడాలని, భార్య మౌరీన్‌తో కలిసి పాత మినీవ్యాన్‌లో ఆసియా దారి పట్టారు. కాబూల్‌లో వ్యాన్ అమ్మేసి, దొరికిన బండెక్కుతూ ఆ ఏడాది చివరికి సిడ్నీ చేరారు. అప్పటికి ఇద్దరి దగ్గరా మిగిలింది 27 సెంట్లు! ఎలా వెళ్లారు, ఎంతైంది అని అడిగినవారందరి కోసం 1973లో చిన్న పుస్తకం వేశారు. అలా పుట్టిందే లోన్లీ ప్లానెట్ అనే ప్రయాణ పుస్తకాల సంస్థ.

ఆ ధైర్యం మన పిల్లలకూ ఉంది. కావలసింది సరైన సమాచారం.

అందుకే ఈ సంచికలో వియత్నాం. హనోయి నుంచి హోచిమిన్ సిటీకి 1,726 కిలోమీటర్ల రైలుమార్గం. హార్డ్ స్లీపర్‌లో గదికి ఆరు బెర్తులు. పై బెర్తులో నిటారుగా కూర్చోలేరు కనుక కింది బెర్తు తీసుకోవడం మేలు. హుయే, దనాంగ్‌ల మధ్య పగటిపూటే ప్రయాణించాలి. అక్కడ రైలు హై వాన్ కొండ అంచున, సముద్రం పక్కనే సాగుతుంది.

2023 ఆగస్టు నుంచి ఈ-వీసా 90 రోజుల వరకు ఇస్తున్నారు. దరఖాస్తు, బీమా, పాస్‌పోర్ట్ నకళ్లు, ఒంటరిగా వెళ్లే అమ్మాయిల జాగ్రత్తలు, ఇంట్లో పెద్దల సందేహాలు... అన్నీ లోపలి పేజీల్లో వివరంగా ఉన్నాయి.