అధికారమునకు మూలమెద్ది?

పాలించువారికి అధికారము ఎచ్చటినుండి వచ్చుననునది పండితుల చర్చయని రైతు సోదరులు కొందఱు తలంతురు. అది మన పొలమునకును, మన సంఘమునకును సంబంధించిన ప్రశ్నయే యని మా అభిప్రాయము. నేడు మెట్రో రైలు నడచుచున్న ఈ నాగోలు ప్రాంతముననే అందుకు సాక్ష్యము కలదు.

1948 వఱకు హైదరాబాదు సంస్థానమున నిజాము ఫర్మానే శాసనము. రాజధానిని చుట్టియున్న అత్రాఫెబల్దా జిల్లాలోని సర్ఫెఖాసు గ్రామముల శిస్తు ప్రభువుయొక్క స్వంత ఖజానాకు చేరెడిది. అది ఎట్లు వ్యయమగునో అడుగుటకు దున్నువానికి హక్కు లేకుండెను.

ప్రభువు మంచివాడైన చాలదా యని కొందఱు అడుగుదురు. 1908 మూసీ వఱద పిమ్మట ఉస్మాన్‌సాగరు, హిమాయత్‌సాగరు ఆ పాలనలోనే కట్టబడినవి. ఆ మేలును మేము కాదనము. కాని దయవలన వచ్చినది దయ తప్పిన నిలిచిపోవును. హక్కువలన వచ్చునది రాకున్నచో నిలదీసి అడుగవచ్చును.

మఱియు ఆ అధికారము నిజముగ పైనుండియే దిగినదా? శిస్తు కట్టినది రైతు. వెట్టి చేసినది కూలివాడు. 1940వ దశకమున నల్లగొండ, వరంగల్లు పల్లెల ప్రజలు వెట్టి మానివేసి ఎదురు నిలువగా, దేశముఖుల ఆజ్ఞ గడీ గోడ దాటలేకపోయెను. ఏ పాలనయందైనను అధికారమునకు ఆధారము ప్రజలే. నిరంకుశ పాలన వారి విధేయతను భయముచే రాబట్టును; ప్రజాపాలన వారి సమ్మతిని గడువు పెట్టి అడిగి పుచ్చుకొనును. ఇచ్చినదానిని మరల తీసికొనుటకు అచ్చట ప్రాణములు ఒడ్డవలసి వచ్చెను. ఇచ్చట ఓటు చాలును.

1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన రాజ్యాంగము ప్రజల పేరిటనే ఆరంభమగుచున్నది. 1952 ఎన్నికలలో నల్లగొండ ప్రజలు రావి నారాయణరెడ్డిగారిని నెహ్రూగారికి వచ్చినవానికన్న ఎక్కువ ఓట్లతో లోకసభకు పంపిరి. నాలుగేండ్ల క్రిందటి వఱకు ఫర్మానునకు తలవంచినవారే వారు!

ఇక మన సంఘము మాట. 1964 నాటి సహకార చట్టము ప్రకారము వాటాలు ఎన్ని యున్నను సభ్యునికి ఓటు ఒక్కటే. కాని సర్వసభ్య సమావేశమునకు వచ్చువారు ఎందఱు? సమావేశము ముగిసిన పిదప పుస్తకము ఇంటికి రాగా, లెక్కలు చూడకయే సంతకము చేయువారు కలరు. మేమును ఒకప్పుడు అట్లు చేసినవారమే, అందులకు సిగ్గుపడుచున్నాము. మనము చదువక చేసిన ప్రతి సంతకమును ఒక చిన్న ఫర్మానే. దానిని మనమే వ్రాసి యితరుల చేతికి ఇచ్చుచున్నాము.

కావున రాబోవు సమావేశమునకు సభ్యులందఱును విచ్చేసి, జమాఖర్చులు చదివించుకొని, తోచిన ప్రశ్న అడుగవలెనని మా మనవి. బావిలో ఊట యున్నను తోడువాడు లేనిచో మడి తడియదు.