తప్పు సమాధానమును చదువగల కన్ను

విశాఖపట్టణమున నీట్ పరీక్షకు సిద్ధమగుచున్న యొక విద్యార్థిని మరణమునకు సంబంధించిన వ్యాజ్యమున సర్వోన్నత న్యాయస్థానము 2025 జూలైలో తీర్పు చెప్పుచు, నూఱుగురు గాని అంతకు మించి గాని విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థయు అర్హత గల కౌన్సిలరునో, మనస్తత్త్వవేత్తనో, సామాజిక కార్యకర్తనో నియమింపవలెనని ఆదేశించినది. ఆదేశము శిరోధార్యమే. అయితే ఆ కుర్చీయందు కూర్చుండబోవు వ్యక్తి పిల్లవానిని ఏ కంటితో చూచును అను ప్రశ్నను మన సంస్థలు ఇంకను వేసికొన్నట్లు కనబడదు. నియామకము జరిగినదని దస్త్రమున వ్రాసికొనుటకు ఒక ధ్రువపత్రము చాలును. పదునాఱేండ్ల ప్రాయమున మనస్సు ఎట్లు మాఱుచుండునో ఎఱుగుటకు అది చాలదు; వికాస మనస్తత్త్వశాస్త్రము వలయును.

1920 ప్రాంతమున పారిస్ నగరమున బాలుర బుద్ధిపరీక్షలను ప్రమాణీకరించు పనికి కుదిరిన జాన్ పియాజె అను స్విట్జర్లాండు యువకుడు, సరియైన సమాధానములను లెక్కించుటకు నియుక్తుడయ్యును, తప్పు సమాధానములచేతనే ఆకర్షితుడై, ఒకే ప్రాయపు పిల్లలు ఒకే తీరున తప్పుచున్నారనియు, ఆ తప్పుల వెనుక వారిదైన తర్కపద్ధతి యొకటి యున్నదనియు గ్రహించెను. వారాంతపు పరీక్ష ముగియగనే ర్యాంకుల పట్టికను గోడకంటించు మన కార్పొరేటు కళాశాలలో ఆ తప్పులను చదువు తీరిక ఎవ్వరికిని లేదు. ఆ పని కౌన్సిలరుదే కావలెను.

కౌమారము విషయమున మనకు ఎక్కువగ అక్కఱకు వచ్చువాడు ఎరిక్ ఎరిక్సన్. కన్నతండ్రి యెవరో తెలియక, మారుతండ్రి యింటిపేరుతో పెరిగి, అమెరికా చేరిన పిదప తన యింటిపేరును తానే నిర్ణయించుకొన్న ఈయన, 1950లో ప్రకటించిన గ్రంథమున మానవజీవితమును ఎనిమిది దశలుగా విభజించి, ‘నేనెవడను’ అను ప్రశ్నను కౌమారమునకు ఒప్పగించెను. ఆ ప్రశ్నకు యువకుడు తొందరపడి బదులు చెప్పకుండుటకు సమాజము కొంత గడువు ఈయవలెనని ఆయన మతము. 1966లో జేమ్స్ మార్సియా ఈ భావమును పరీక్షించి, అన్వేషణ లేకయే పెద్దల నిర్ణయమును తనదిగా స్వీకరించిన స్థితిని ప్రత్యేకముగ గుర్తించెను. అట్టివారు తమ శక్తికి మించిన లక్ష్యములను పెట్టుకొనుచుందురని ఆయన కనుగొన్నాడు. పదవ తరగతి ఫలితములు రాకముందే ఎంపీసీయా, బైపీసీయా యని ఇంటిలో తేలిపోవుచున్న మన రాష్ట్రములలో ఈ మాటను తేలికగ దాటిపోరాదు. అల్లరి చేయు పిల్లవాడు వార్డెను కంట నెట్లును పడును. పెట్టిన టైమ్‌టేబులును మాఱుమాటాడక పాటించి అందఱిచే మెప్పు పొందు పిల్లవానిని వెదకి పలుకరించుటకే ఈ శాస్త్రము వలయును.

సిద్ధాంతములకును ఎల్లలు గలవు. మనస్తత్త్వవేత్త కోల్‌బర్గ్ మగపిల్లలను మాత్రమే పరిశీలించి నైతికవికాసమునకు మెట్లు కట్టగా, ఆ కొలబద్దతో స్త్రీల స్వరమును కొలువరాదని 1982లో కెరోల్ గిల్లిగన్ ఆక్షేపించెను. అట్లే, తల్లిదండ్రుల మాటను మన్నించుట యెల్ల వ్యక్తిత్వనాశనమే యని మన కుటుంబముల నడుమ తీర్పు చెప్పు కౌన్సిలరు, మార్కులనే నమ్ముకొన్న ప్రిన్సిపాలుకంటె మేలైనవాడు కానేరడు.

మనస్తత్త్వవేత్త బ్రాన్‌ఫెన్‌బ్రెన్నర్ 1979లో చెప్పినట్లు, పిల్లవాని చుట్టు ఇల్లు, బడి, తండ్రి ఉద్యోగము, ప్రభుత్వవిధానము వలయములై యుండును గనుక, పిల్లవానితో మాట్లాడుటతోనే కౌన్సిలరు బాధ్యత తీరదు. సాధ్యమైనంతవరకు మార్కులను బట్టి సెక్షన్లు విడదీయరాదని సర్వోన్నత న్యాయస్థానపు ఆ తీర్పే చెప్పియున్నది. ఆ మాటను యాజమాన్యమునకు గుర్తుచేయవలసినవాడు ఆ యాజమాన్యము చేతి జీతగాడే యగుట నేటి చిక్కు. కావున అతడు ఎవరికి జవాబుదారియో ప్రభుత్వమే నిర్ణయించి, స్టడీ అవర్ల కాపలాయు, వేసవిలో అడ్మిషన్లకై ఇంటింటికి తిరుగు పనియు అతనికి అప్పగింపరాదని నియామకపత్రమునందే వ్రాయింపవలెను.