చేరని మాట

షేక్స్పియరు మహాకవి రచించిన 'నాల్గవ హెన్రీ' నాటకము మొదటి భాగము చదువు బాలురు హాట్‌స్పర్ శౌర్యమునకు ముగ్ధులగుదురు. ఫాల్‌స్టాఫ్ చమత్కారములకు నవ్వుదురు. వూస్టరు ప్రభువును తలచువారు అరుదు. మా యభిప్రాయమున నాటకమునకు కీలకము ఆతడే. 1403లో ష్రూస్‌బరీ యుద్ధమునకు ముందు రాజు తిరుగుబాటుదారులను క్షమింతునని పలికినట్లు నాటకమున గలదు. వూస్టరు స్వప్రాణభీతిచే ఆ మాటను తన యన్న కుమారుడగు హాట్‌స్పర్‌నకు చెప్పక దాచెను. వీరుడు నేలగూలెను.

మన సీమను జూడుడు. హాట్‌స్పర్ రాజ్యభాగము కోరెను. కొమురం భీము గోండులకు దున్నుకొను నేలను, అడవిని కోరెను. 1940లో జోడేఘాట్ కొండలలో నైజాం బలగముల తుపాకులకు బలియయ్యెను. గోండుల కష్టముల నరయుటకు ప్రభుత్వము హైమండార్ఫ్ పండితుని నియమించినది ఆ పిమ్మటనే. పలువురకు పట్టాలు లభించినదియు ఆ పిమ్మటనే. ముందుగా వినియుండిన ఆ రక్తము చిందకుండెడిదేమో!

అచట ప్రభువు మాట ప్రజకు జేరలేదు; ఇచట ప్రజ మొర ప్రభువు చెవి కెక్కలేదు. రేపు కచేరీలలో గూర్చుండబోవు మన విద్యార్థులు పేదవాని యర్జీని బల్లసొరుగున దాచకుందురు గాక!