కాన్పు ఒక్కటేనా స్త్రీల ఆరోగ్యం?

2020 మార్చి 25న దేశమంతటా లాక్‌డౌన్ మొదలైంది. ఏప్రిల్ 14న కేంద్ర ఆరోగ్య శాఖ కాన్పులనూ, గర్భస్రావ సేవలనూ తప్పనిసరి సేవలుగా గుర్తిస్తూ మార్గదర్శకాలు ఇచ్చింది. కాగితం మీద స్త్రీల హక్కు భద్రంగానే ఉంది. కానీ నల్లమాడ లాంటి కరువు మండలంలో (అప్పటి అనంతపురం జిల్లా, 2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లా) ఆ హక్కు దక్కాలంటే బస్సు నడవాలి, చేతిలో కూలి డబ్బులుండాలి, తోడు వచ్చే మనిషి ఉండాలి. లాక్‌డౌన్ ఈ మూడింటినీ ఒకేసారి దెబ్బతీసింది.

కష్టమైన కాన్పుకైనా, గర్భసంచి జబ్బుకైనా ఇక్కడి స్త్రీలు కదిరికో, బత్తలపల్లికో, అనంతపురానికో పోవాలి. పేదలు నమ్ముకున్న బత్తలపల్లి ఆర్‌డీటీ ఆస్పత్రిని 2020లో కోవిడ్ చికిత్సకు కేటాయించారు. ఆ అవసరాన్ని కాదనలేం. అయితే ఏ ఆస్పత్రినైనా అలా మార్చినప్పుడు, అక్కడికి వచ్చే స్త్రీలు ఇక ఎక్కడికి పోవాలో ఊరూరా తెలియజెప్పే బాధ్యత ప్రభుత్వానిది కాదా?

గర్భిణిని చేర్చుకోవడానికే ఆస్పత్రులు భయపడిన రోజులవి. 2020 ఏప్రిల్‌లో తెలంగాణలోని జోగులాంబ గద్వాల జిల్లా గర్భిణి ఒకామె ఆస్పత్రి నుంచి ఆస్పత్రికి తిరిగి, చివరికి హైదరాబాదులో చనిపోయింది. విషయం హైకోర్టు దాకా వెళ్ళింది. పరీక్ష చేయలేదన్న కారణంతో కాన్పు ఆలస్యం చేయవద్దని ఐసీఎంఆర్ మే 18న చెప్పాల్సి వచ్చింది.

అయినా కాన్పుకు ఒక లెక్కంటూ ఉంది. ఆశా రిజిస్టరులో పేరుంటుంది, 108 బండి ఉంది, తల్లి చనిపోతే విచారణ ఉంది. ఆగని రక్తస్రావం, తెల్లబట్ట, జారిన గర్భసంచి ఏ లెక్కలోకీ రావు. 'తర్వాత చూద్దాంలే' అంటే సర్దుకుపోవడం మనకు ముందే నేర్పారు. మహమ్మారి దానికి మరో సాకు అందించింది.

కుటుంబ నియంత్రణ సంగతీ అంతే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ళ వివాహిత స్త్రీలలో దాదాపు 70 శాతం ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళే. మగవాళ్ళ ఆపరేషన్లు ఒక శాతం కూడా లేవు. దశాబ్దాలుగా స్త్రీలకు ఒకే దారి చూపించి, లాక్‌డౌన్‌లో ఆ ఆపరేషన్లనే నిలిపేశారు. ఆ మూడు నెలల్లో దేశంలో 18.5 లక్షల మందికి కోరుకున్న గర్భస్రావం సమయానికి అందకపోయి ఉంటుందని ఐపాస్ సంస్థ అంచనా వేసింది. ఆ భారం మోసింది ఎవరి శరీరం?

అందుకే మన డిమాండ్లు ఇప్పుడే, మరో మహమ్మారి రాకముందే పెట్టాలి. ఎలాంటి విపత్తులోనైనా ప్రతి రెవెన్యూ డివిజన్‌లో ఒక ఆస్పత్రిని స్త్రీల వైద్యానికే ఉంచాలి. గర్భిణులకే కాక స్త్రీ రోగులందరికీ ఉచిత వాహనం ఇవ్వాలి. మూడు నెలలకు సరిపడా మాత్రలు, నిరోధ్‌లు ఆశాల దగ్గర ఉండాలి. కాన్పుతో సంబంధం లేని జబ్బులను కూడా నమోదు చేయాలి. మహిళా సంఘాలు గ్రామసభల్లో, మండల సమావేశాల్లో ఈ ప్రశ్నలు లేవనెత్తాలి. తల్లి కాబోతున్నప్పుడు మాత్రమే స్త్రీని మనిషిగా లెక్కించే వైద్యం మనకు చాలదు.