రశీదు లేని రాబడి

ఊళ్లో కూలికి పోయినవాడికి డబ్బు ముట్టకపోతే అడగడానికి మేస్త్రీ ఉన్నాడు, పని చెప్పిన ఆసామీ ఉన్నాడు, అదీ కాకపోతే నలుగురు పెద్దమనుషులు ఉన్నారు. ఇంట్లో కంప్యూటరు ముందు కూర్చుని సముద్రాల అవతలి ఆసామీకి పని చేసిపెట్టే యువకుడికి ఈ ముగ్గురిలో ఎవరూ లేరు. ఆ ఆసామీ పంపిన డబ్బు బ్యాంకు ద్వారా కాక క్రిప్టో నాణెం రూపంలో వచ్చినప్పుడు రశీదు కూడా లేకుండా పోతున్నది. ఇబ్రహీంపట్నం ప్రాంతంలో చదువు ముగించుకున్న యువకులు, వారిని చదివించిన తల్లిదండ్రులు ఈ సంగతిని కొంచెం నిదానంగా ఆలోచించవలసి ఉన్నది.

సాగర్ రోడ్డు పొడవునా, మంగల్‌పల్లి నుంచి షేరిగూడ, ఖానాపూర్ వరకు ఇంజనీరింగు కళాశాలలు వెలిశాయి. ఆదిబట్లలో టి.సి.ఎస్. వంటి పెద్ద కంపెనీ కొలువు తీరింది. అయినా పట్టా పుచ్చుకున్న ప్రతివాడికీ ఆ గేటు తెరుచుకోదు. తెరుచుకోనివారిలో కొందరు సొంతంగా పని వెతుక్కుంటున్నారు. అమెరికాలోని దుకాణదారుకు వెబ్‌సైటు కట్టడం, దుబాయిలోని వ్యాపారికి బొమ్మలు గీసిపెట్టడం, ఆస్ట్రేలియాలోని మరొకరికి వీడియోలు కత్తిరించి అతికించడం వంటి పనులు అవి. పని చిన్నదే, డబ్బు కూడా రెండు మూడు వందల డాలర్లకు మించదు. కాని ఇల్లు కదలకుండా సంపాదించుకోవచ్చు. రియల్ ఎస్టేటు దళారీగా మారడం కన్నా ఇది గౌరవమైన బతుకుదెరువు అనడంలో సందేహం లేదు.

చిక్కు డబ్బు చేతికి వచ్చే దారిలో ఉన్నది. విదేశం నుంచి చిన్న మొత్తం బ్యాంకు ద్వారా తెప్పించుకుంటే పంపే బ్యాంకు కొంత, మధ్యలోని బ్యాంకు కొంత కోత పెడతాయి. పేపాల్ వంటి సంస్థలు నూటికి నాలుగు రూపాయలకు పైగా రుసుము తీసుకుని, ఆపైన మారకపు ధరలో మరికొంత తగ్గిస్తాయి. మూడు వందల డాలర్ల పనికి ఈ కోతలన్నీ పోగా మిగిలేదెంత అని యువకుడు లెక్క వేసుకోవడం సహజం. అదే సమయంలో అవతలి ఆసామీ "యు.ఎస్.డి.టి. పంపమంటావా?" అని అడుగుతాడు. అది టెథర్ అనే సంస్థ 2014 నుంచి నడుపుతున్న క్రిప్టో నాణెం. ఒక్కొక్క నాణెం విలువ ఒక అమెరికా డాలరుకు సమానంగా ఉంటుందని ఆ సంస్థ చెబుతుంది. పంపిన నిమిషాల్లో వచ్చి వాలుతుంది. సెలవు రోజని ఆగదు, ఫారం నింపమని అడగదు. ఆ నాణేన్ని ఎక్స్ఛేంజిలో అమ్మితే రూపాయలు బ్యాంకు ఖాతాలో పడతాయి. కనుక ఈ మోజుకు కారణం లేకపోలేదు. యువకులను అత్యాశపరులని తిట్టిపోసేవారు ఈ కోతల లెక్క కూడా చూడాలి.

రెండు రకాల డబ్బు చెలామణి కావడం ఈ ప్రాంతానికి కొత్త కాదు. నిజాం కాలంలో ఇక్కడ నడిచింది హాలీ సిక్కా. బ్రిటిష్ ఇండియా రూపాయిని కల్దార్ అనేవారు. ఏడు హాలీ రూపాయలకు ఆరు కల్దార్ రూపాయలు వచ్చేవి. ఈ లెక్క తాతల నోట విన్నవారు పల్లెల్లో ఇంకా ఉన్నారు. కాని ఆ రెండు రూపాయల వెనుకా ఒక్కొక్క సర్కారు పూచీ ఉండేది. యు.ఎస్.డి.టి. వెనుక ఉన్నది ఒక ప్రైవేటు సంస్థ మాట. రిజర్వు బ్యాంకు 2022 డిసెంబరులో ప్రయోగాత్మకంగా ప్రవేశపెట్టిన డిజిటల్ రూపాయికి, దీనికి ఏ సంబంధమూ లేదు. పేర్లు వినడానికి ఒకే తీరుగా ఉండటం వల్ల రెండూ ఒకటేనని భ్రమపడేవారున్నారు.

నాణెం ధర పడిపోతుందేమోనన్న భయమే అందరినీ పట్టుకున్నది. నిజానికి ఈ పనివారికి అసలు ప్రమాదం అది కాదు. నాణెం రూపాయిగా మారే చోట ప్రమాదం పొంచి ఉన్నది. ఎక్స్ఛేంజిలలో "పి టు పి" అనే పద్ధతి ఒకటి ఉన్నది. అమ్మేవాడు, కొనేవాడు నేరుగా బేరం కుదుర్చుకుంటారు. కొనేవాడు రూపాయలను అమ్మేవాడి బ్యాంకు ఖాతాకు పంపుతాడు. డబ్బు పడిందని చూసుకుని అమ్మేవాడు నాణెం వదులుతాడు. రెండు పైసలు ఎక్కువ ధర వస్తుంది గనుక యువకులు ఇటు మొగ్గుతారు. ఆ కొనేవాడెవరో, అతడికి రూపాయలు ఎక్కడివో అమ్మేవాడికి తెలియదు.

ఎక్కడో గుజరాత్‌లో ఒక పెన్షనరును "డిజిటల్ అరెస్టు" పేరుతో బెదిరించి మోసగాళ్లు లక్షలు గుంజారనుకుందాం. ఆ డబ్బు గంటలోపల నాలుగైదు ఖాతాలు దాటుతుంది. ఆ ఖాతాదారుల్లో ఒకడు దానితో యు.ఎస్.డి.టి. కొంటాడు, అమ్మినవాడు ఇబ్రహీంపట్నం కుర్రవాడు. పెన్షనరు 1930 నంబరుకు ఫిర్యాదు చేయగానే పోలీసులు డబ్బు నడిచిన దారిని వెదుక్కుంటూ ఒక్కొక్క ఖాతాను నిలిపివేస్తారు. వారి పని వారు చేస్తున్నారు, తప్పు పట్టవలసిందేమీ లేదు. కాని మూడోనాడు ఇక్కడి కుర్రవాడు తల్లికి మందులు కొనడానికి ఫోను తీస్తే చెల్లింపు జరగదు. బ్యాంకుకు వెళితే "మీ ఖాతా ఫలానా రాష్ట్రం పోలీసులు ఆపించారు, వాళ్లనే అడగండి" అని చెబుతారు. అతడు చేసింది ఒక దుకాణానికి వెబ్‌సైటు మాత్రమే. మోసం సంగతి అతడికి తెలియదు. తెలియదని నిరూపించుకోవడానికి అతని దగ్గర ఒక్క కాగితం కూడా ఉండదు.

ఇటువంటి సందర్భంలో ఖాతా మొత్తం ఆపవలసిన అవసరం ఉన్నదా అనేది న్యాయమైన ప్రశ్న. ఫిర్యాదులో పేర్కొన్న మొత్తం మేరకే నిలిపివేయాలని కేరళ హైకోర్టు 2023లో బ్యాంకులను ఆదేశించింది. ఇది అనుసరించదగిన పద్ధతి. వివాదంలో ఉన్నది పదిహేను వేలైతే ఆ పదిహేను వేలు ఆపాలి. తండ్రి పేరిట వచ్చిన ధాన్యం డబ్బు కొడుకు ఖాతాలో ఉంటే దానిని కూడా కట్టేయడం ఏమి న్యాయం? పరాయి రాష్ట్రం పోలీసులకు సంజాయిషీ ఇచ్చుకోవడానికి పల్లెటూరి యువకుడు రైలెక్కి పోవలసిన అవసరం లేకుండా, ఇక్కడి సైబర్ నేర విభాగమే అతని వాంగ్మూలం తీసుకుని పంపే ఏర్పాటు చేయడం ఎంతైనా సమంజసం.

ఇక పన్ను సంగతి. ఈ విషయంలో ప్రభుత్వ వైఖరి విచిత్రమైనది. క్రిప్టో వ్యాపారులతో లావాదేవీలు పెట్టుకోవద్దని 2018 ఏప్రిల్‌లో రిజర్వు బ్యాంకు బ్యాంకులకు ఉత్తర్వు ఇచ్చింది. 2020 మార్చి 4న సుప్రీంకోర్టు దానిని కొట్టివేసింది. 2022 ఏప్రిల్ నుంచి క్రిప్టో లాభాలపై 30 శాతం పన్ను, అదే ఏడాది జూలై నుంచి అమ్మకం మొత్తంపై ఒక శాతం టి.డి.ఎస్. అమలులోకి వచ్చాయి. 2023 మార్చిలో ఎక్స్ఛేంజిలను మనీ లాండరింగ్ నిరోధక చట్టం పరిధిలోకి తెచ్చారు. పన్ను వసూలు చేసుకునేంత వరకు సక్రమం, పూచీ అడిగితే మాత్రం ఎవరి బాధ్యతా కాదు అన్నట్లు ఉన్నది వ్యవహారం.

ఉదాహరణకు 500 డాలర్ల పని చూద్దాం. లెక్క సులువుకు డాలరు 90 రూపాయలనుకుంటే 45,000 రూపాయలు. ఇది శ్రమకు వచ్చిన ఆదాయం గనుక మామూలు ఆదాయంలో చూపవలసిందే. నాణెం అమ్మేటప్పుడు ఎక్స్ఛేంజి 450 రూపాయలు టి.డి.ఎస్. కింద పట్టుకుంటుంది. ధర పెరిగిన మేరకు 30 శాతం పన్ను వేరే. ఏడాదికి 12 లక్షల వరకు పన్ను పడకుండా కొత్త విధానంలో ఇచ్చే రాయితీ ఈ లాభానికి వర్తించదు. ధర తగ్గి 44,000కే అమ్ముకుంటే పోయిన వెయ్యిని మరో ఆదాయంలో తగ్గించుకునే వీలు కూడా లేదు. అన్నిటికన్నా పెద్ద చిక్కు మరొకటి. నాణెం చేతికి వచ్చిననాడు దాని విలువ ఇంత, ఇది ఫలానా పనికి వచ్చింది అని చూపే బిల్లు లేకపోతే, 45,000 రూపాయలూ లాభమేనన్న వాదన తలెత్తవచ్చు. అప్పుడు పన్ను 13,500 రూపాయలు అవుతుంది. పేపాల్ కోతకు జడిసి ఇటు వచ్చినవాడికి ఇది పెనం మీది నుంచి పొయ్యిలో పడటమే.

దాచుకుంటే ఎవరికి తెలుస్తుందన్న ధీమా కూడా పనికిరాదు. క్రిప్టో లావాదేవీల వివరాలను నిర్దేశిత సంస్థలు ఆదాయపు పన్ను శాఖకు తెలపాలన్న నిబంధన 2025 ఆర్థిక చట్టంలో వచ్చింది, 2026 ఏప్రిల్ 1 నుంచి అది వర్తిస్తుంది. నమోదు కాకుండా ఇక్కడ వ్యాపారం చేస్తున్న తొమ్మిది విదేశీ ఎక్స్ఛేంజిలకు ఫైనాన్షియల్ ఇంటెలిజెన్స్ యూనిట్ 2023 డిసెంబరులోనే నోటీసులిచ్చింది. అందులో ఒకటైన బైనాన్స్‌పై 2024 జూన్‌లో 18.82 కోట్ల రూపాయల జరిమానా పడింది.

నమోదైన దేశీయ ఎక్స్ఛేంజిలో ఉంచితే భద్రమే కదా అనుకునేవారికి వజీర్‌ఎక్స్ ఉదంతం ఉన్నది. 2024 జూలై 18న ఆ సంస్థ నుంచి 23 కోట్ల డాలర్ల విలువైన నాణేలు దొంగల పాలయ్యాయి. వాడుకదారుల నాణేలు అక్కడే నిలిచిపోయాయి. వ్యవహారం సింగపూరు కోర్టుకెక్కి, 2025 అక్టోబరులో గాని ఎక్స్ఛేంజి తిరిగి తెరుచుకోలేదు. పదిహేను నెలలు! అది షేరు బేరగాడికి ఆలస్యం కావచ్చు, నెల జీతం అందులో పెట్టుకున్నవాడికి మాత్రం పస్తు. బ్యాంకు డిపాజిట్లకు 5 లక్షల వరకు బీమా ఉన్నది, ఎక్స్ఛేంజిలోని నాణేలకు అటువంటిదేదీ లేదు.

ఈ యువకులలో చాలామందికి తెలియని సంగతి ఒకటి ఉన్నది. విదేశీ ఆసామీకి పని చేసిపెట్టేవాడు చట్టం దృష్టిలో ఎగుమతిదారుడు. మిరపకాయలు ఓడకెక్కించే గుంటూరు వ్యాపారి ఎంతో, వెబ్‌సైటు పంపే ఇబ్రహీంపట్నం కుర్రవాడూ అంతే. 1999 నాటి విదేశ మారకద్రవ్య నిర్వహణ చట్టం ప్రకారం ఎగుమతి సొమ్ము అధీకృత బ్యాంకు దారిన రావాలి. అలా వచ్చినప్పుడు బ్యాంకు ఒక ధ్రువపత్రం ఇస్తుంది. ఇంత మొత్తం, ఫలానా దేశం నుంచి, ఫలానా పనికి వచ్చిందని అందులో ఉంటుంది. ఇంటి రుణానికి, పన్ను అధికారికి, పోలీసుకు చూపడానికి అదే ఆధారం. జి.ఎస్.టి. విషయంలోనూ అంతే. సేవల ఎగుమతి అనిపించుకోవాలంటే చెల్లింపు మార్పిడికి వీలైన విదేశీ ద్రవ్యంలో గాని, రిజర్వు బ్యాంకు అనుమతించిన చోట రూపాయలలో గాని రావాలి. క్రిప్టో నాణెం ఈ రెండింటిలోనూ లేదు. ఏడాదికి 20 లక్షల లోపు రాబడి ఉన్నవాడికి ఇది ఈనాటి బెడద కాకపోవచ్చు. నలుగురిని చేర్చుకుని చిన్న కంపెనీగా ఎదిగిననాడు 18 శాతం పన్ను కట్టమని తాఖీదు రావచ్చు.

కరీంనగర్, నిజామాబాదు జిల్లాల వలస కార్మికులు గల్ఫ్ నుంచి హుండీ ద్వారా డబ్బు పంపినప్పుడూ ఇదే కథ నడిచింది. బ్యాంకు దూరం, హుండీవాడు దగ్గర. త్వరగా అందేది, కోత తక్కువ, కాగితం ఉండేది కాదు. బ్యాంకులు, తంతి బదిలీ సంస్థలు పల్లెల దాకా వచ్చాకనే హుండీ మీద ఆధారపడటం తగ్గింది. నిషేధం ఒక్కటే ఆ పని చేయలేదు.

ఇప్పుడు కూడా దారి లేకపోలేదు. సరిహద్దులు దాటే చెల్లింపుల సంస్థలకు రిజర్వు బ్యాంకు 2023 అక్టోబరు 31న నిబంధనలు రూపొందించింది. ఆ ప్రకారం అనుమతి పొందిన సంస్థలు విదేశీ సొమ్మును రూపాయలుగా మార్చి, ధ్రువపత్రంతో సహా ఖాతాకు చేరుస్తున్నాయి. కోతలో సంస్థకూ సంస్థకూ తేడా ఉన్నది గనుక రెండు మూడింటిని పోల్చి చూసుకోవచ్చు. ఈ మాట యువకులకు చెప్పేదెవరు? మండల కేంద్రాల్లోని బ్యాంకు శాఖలకు పంట రుణాలు, బంగారం తాకట్టు, పెన్షన్లు తెలిసినంతగా విదేశీ సొమ్ము వ్యవహారం తెలియదు. ప్రతి శాఖలో మారకద్రవ్య విభాగం పెట్టనక్కరలేదు. నెలకొక రోజు హైదరాబాదు నుంచి తెలిసిన అధికారి వచ్చి కూర్చుంటే చాలు. సాగర్ రోడ్డు కళాశాలలు ప్రాంగణ ఎంపికల కోసం ఇంగ్లీషులో ఎలా మాట్లాడాలో నేర్పుతున్నాయి. విదేశీ ఆసామీకి బిల్లు ఎలా రాయాలి, ఏ పనికి ఏ కోడ్ వేయాలి అన్నది ఒక్క పూట నేర్పడం వాటికి భారం కాబోదు.

విదేశీ ఆసామీ నాణెం తప్ప మరొకటి ఇవ్వనని భీష్మించుకుంటే, ఆ పని వదులుకోవడమే మేలు. ఇప్పటికే తీసుకున్నవారు మాత్రం పి టు పి జోలికి పోకుండా, నమోదైన ఎక్స్ఛేంజిలోనే అమ్మి వెంటనే రూపాయలుగా మార్చుకోవాలి. ఆసామీతో జరిపిన ఉత్తరప్రత్యుత్తరాలు, తేదీ వేసిన బిల్లు, ఆనాటి ధర, ఎక్స్ఛేంజి ఇచ్చిన లెక్క అన్నీ ఒక ఫైలులో పెట్టుకోవాలి. ఇంటి ఖర్చుల ఖాతాను వేరుగా ఉంచుకోవాలి. ఖాతా ఆగిందని తెలిసిననాడు బ్యాంకు నుంచి ఫిర్యాదు నంబరు, ఆపించిన పోలీసు స్టేషను పేరు రాతపూర్వకంగా అడిగి తీసుకుని, ఆ ఫైలు నకలుతో అదే వారం అర్జీ పెట్టుకోవాలి.