తెర వెలిగినంత మాత్రమున పాఠమగునా?

1975 ఆగస్టు 1వ తేదీన ఆరంభమై ఒక సంవత్సరకాలము సాగిన ‘సైట్’ ప్రయోగము, అమెరికావారి ఏటీఎస్-6 ఉపగ్రహము తోడ్పాటుతో, ఆంధ్రప్రదేశముతో గూడ ఆరు రాష్ట్రములలోని దాదాపు 2,400 గ్రామములకు టెలివిజన్ పాఠములను చేర్చెను. ఉదయపు ప్రసారములు బడిపిల్లల కొఱకే యుద్దేశింపబడినవి. ఆ మహాప్రయత్నమున కెన్ని సుగుణములున్నను, పిల్లవాని ముఖమున సందేహము పొడసూపిన క్షణమున ప్రసారమును నిలుపుటకు తరగతిలోని గురువునకు వీలు లేకుండెను.

నేడు ఆ వీలు ఉపాధ్యాయుని వ్రేలికొనకు వచ్చినది. పాఠ్యపుస్తకములోని క్యూఆర్ కోడ్‌ను స్కాన్ చేసినచో 2017లో ఆరంభమైన ‘దీక్ష’ వేదికలోని వీడియో తెఱచుకొనును. పెక్కు బడులలో తరగతి గోడకు ఐఎఫ్‌పీ (ఇంటరాక్టివ్ ఫ్లాట్ ప్యానెల్) తెర వెలయుచున్నది. ఐనను వీడియో పెట్టి, గంట మ్రోగువఱకు పిల్లలను నిశ్శబ్దముగా కూర్చుండబెట్టుటయే డిజిటల్ బోధనమని భావించినచో, సాధనములు మాఱినవే గాని మనము 1975ను దాటలేదనియే చెప్పవలసియుండును.

ఆన్‌లైన్ సాధనమును ఎంచుకొను ఉపాధ్యాయుడు, అందులో పిల్లవాడు చేయుటకేమున్నదో ముందు చూడవలెను. కొలరాడో విశ్వవిద్యాలయమువారి ‘ఫెట్’ అనుకరణములలో విద్యుద్వలయమును కూర్చు సాధనమొకటి ఉచితముగా లభించును. అందు బ్యాటరీని, తీగలను, బల్బును పిల్లవాడే కలుపును. ఎలక్ట్రానులు నీలిచుక్కలవలె తీగలో కదలుచు కనబడును. స్విచ్ వేయుటకు ముందే, బల్బు దాటిన తరువాత కరెంటు తగ్గునా యని సైన్సు మాస్టారు ప్రశ్నించినచో, “బల్బు కొంత వాడేసుకుంటుంది కదా సార్, తగ్గుతుంది” అను సమాధానమే తఱచుగా వినవచ్చును. ఆపై బల్బునకిరువైపుల అమ్మీటర్లు పెట్టించగా రెండును ఒకే అంకెను చూపును. మాస్టారు తెరను నిలుపవలసినది సరిగా అక్కడనే. కరెంటు తగ్గనప్పుడు వెలుగెక్కడినుండి వచ్చెనని పిల్లలు తమలో తాము వాదించుకొను ఆ అయిదు నిమిషములే అసలు పాఠము. బల్బు లేకుండ తీగను నేరుగా బ్యాటరీకి తగిలించినచో తెరపై మంటలు లేచును. నిజముగా చేయరాని పొరపాటును నిరపాయముగా చేసి చూచుటకిది అవకాశము. పిదప టార్చిలైటు సెల్లును, చిన్న బల్బును చేతికిచ్చి నిజముగా వెలిగింపజేయుట మాత్రము మానరాదు.

ఒక్క తెర ముందు నలువదిమంది పిల్లలు, నిలుకడలేని నెట్టు అను ఇబ్బందులు నిజములే. ఈ అనుకరణములను ముందుగా దింపుకొని నెట్టు లేకుండగనే నడుపవచ్చును; పిల్లలనొక్కొక్కరిగా తెరకడకు పిలిచి, మిగిలినవారిచే ఫలితమును ముందుగా నోటుపుస్తకములో వ్రాయింపవచ్చును. దుర్లభమైనది ఉపాధ్యాయుని తీఱిక. వీడియోను ముందుగా పూర్తిగా చూచి, నడుమ వచ్చు ప్రకటనలను, భాషాదోషములను గుర్తించి, ఎక్కడ నిలిపి ఏమడుగవలెనో నిర్ణయించుకొనుటకు సమయము కావలెను గదా!

కావున విద్యాశాఖలు పంచిన ట్యాబుల సంఖ్యతోను, బిగించిన తెరల లెక్కతోను తృప్తిచెందక, వారమున కొక పీరియడ్‌ను ఈ సిద్ధతకై విడువవలెను. స్కూల్ కాంప్లెక్స్ సమావేశములలో సర్క్యులర్లు చదువుటకు మాఱుగా, ఒక్కొక్క ఉపాధ్యాయుడు తాను వాడిన సాధనమును చూపి, దానినెక్కడ ఆపెనో, పిల్లలేమనిరో తోటివారికి చెప్పు పద్ధతి రావలెను. దీనికి కొత్త కొనుగోళ్లతో పనిలేదు. టైంటేబుల్‌లో కొంత చోటును, ఉపాధ్యాయుని ఎంపికపై కొంత విశ్వాసమును చాలును.