పెంచండి, పెంచండి! ఎంతవరకు?

"సౌండు సరిపోవడం లేదు, పెంచండి" అన్న వాక్యం మన సభలకు మంగళాచరణమైపోయింది. పద్యనాటకం కానివ్వండి, అవధానం కానివ్వండి, ముందు వరుసలోని పెద్దమనిషి చేయెత్తి ఆజ్ఞాపిస్తారు; మైకు కుర్రవాడు బటన్ తిప్పుతాడు; పద్యం గరగరమంటుంది. నింద మాత్రం నటుడి గొంతు మీద పడుతుంది. ఈ అన్యాయం మీదనే నా తగవు.

తెలుగు పండితుడికి ట్రాన్సిస్టరుతో పనేమిటని మిత్రులు నవ్వవచ్చు. నవ్వనివ్వండి. ఇందులో ఉన్నది కూడికలు, గుణకారాలే.

మన గైడు పుస్తకాలు గెయిన్‌ను బట్టీ పట్టిస్తాయి గాని, స్వింగ్ ఎంత అని ఒక్క ప్రశ్న అడగవు. 12 వోల్టుల సరఫరా మీద ఒక దశను ఊహించుకోండి. కలెక్టరు (పాఠ్యపుస్తకాలు సేకరిణి అంటాయి, మంచి మాటే) దగ్గర 3.3 కిలో ఓముల నిరోధం, ఎమిటరు దగ్గర 1 కిలో ఓము, దానికి అడ్డంగా కెపాసిటరు. సంకేతం లేనప్పుడు 1.5 మిల్లీ యాంపియర్ల కరెంటు పారుతున్నది. పై నిరోధంలో సుమారు 5 వోల్టులు పోగా కలెక్టరు 7 దగ్గర నిలుస్తుంది; ఎమిటరు 1.5 దగ్గర ఉంటుంది. ఇక కలెక్టరు పైకి పోగలిగింది సరఫరా దాకా, అంటే 5 వోల్టులు. కిందికి రాగలిగింది సుమారు 1.7 దాకా, అక్కడ ట్రాన్సిస్టరు సంతృప్తమై మొరాయిస్తుంది. గెయిన్ దాదాపు 200. లోపలికి 20 మిల్లీ వోల్టుల శిఖరం వస్తే బయట 4 వోల్టులు, ఇబ్బంది లేదు. 50 వస్తే 10 వోల్టులు కావాలి. ఎక్కడి నుంచి తెస్తుంది పాపం? అల తల తెగుతుంది. అదే క్లిప్పింగ్.

ఇంకొక మెలిక ఉన్నది. ఈ దశకు మరో 3.3 కిలో ఓముల భారం తగిలిస్తే గెయిన్ సగమవుతుంది. పైకి స్వింగ్ కూడా 5 నుంచి 2.5 వోల్టులకు పడిపోతుంది. కరెంటు 1.5 మిల్లీ యాంపియర్లే కదా, అది మొత్తం ఆగిపోయినా అంతకు మించి పైకి లేపలేదు. కాగితం మీద చూసిన స్వింగ్ వేరు, పని చేసేటప్పటి స్వింగ్ వేరు.

"తల తెగినా మాట అర్థమవుతున్నది కదా" అంటారు వాదప్రియులు. నిజమే. 1940లలోనే అమెరికాలో లిక్లైడర్ పరిశోధించి, అలల శిఖరాలు ఎంతగా కోసినా మాట చాలావరకు తెలుస్తుందని చూపాడు. బిగ్గరగా ఉండే అచ్చులు తెగుతాయి, బలహీనమైన హల్లులు మిగులుతాయి. విమానంలో కబురు చెప్పుకోవడానికి అది చాలు. పద్యానికి చాలదు! రాగం తీసేది అచ్చు మీద కాదా? పైగా హార్మోనియమూ గొంతూ ఒకే యాంప్లిఫయరులో దూరి కలిసి తెగినప్పుడు, ఆ రెంటిలోనూ లేని కొత్త స్వరాలు పుట్టి చెవిలో ఇసుక పోస్తాయి.

మరి "చిన్న యాంప్లిఫయరే కదా, స్పీకరుకేమీ కాదు" అనేవారికి ఒక లెక్క. శిఖరం ఎత్తు మారకపోయినా, పూర్తిగా చదునైన అల నున్నని అలకు రెట్టింపు శక్తిని మోస్తుంది. సన్నని తీగ చుట్టిన ట్వీటర్లు ఊరికే మాడిపోతున్నాయా?

మైకు వెంటనే ఉన్న మొదటి దశలోనే తల తెగితే, చివరి బటన్ ఎంత తగ్గించినా తెగిన అలే చిన్నదై వస్తుంది. కనుక చేయెత్తే పెద్దమనుషులకు నా విన్నపం: మైకు బటన్ తగ్గించనివ్వండి, నటుడిని ఒక అడుగు దగ్గరకు రానివ్వండి, వెనుక వరుసల వారికి వినబడకపోతే రెండో స్పీకరు పెట్టెను అక్కడికి మోయించండి.